బొమ్మలు కూడు పెడతాయా?

మా అమ్మాయి పన్నెండో తరగతి చదువుతోంది. కిందటి వేసవిలో ఒకరోజు రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకుంటూ, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా, "నాన్నా, నేను గ్రాఫిక్ డిజైన్ చదువుతాను" అంది. నా నోట్లోంచి వెంటనే వచ్చిన మాట, "బొమ్మలు కూడు పెడతాయా?"

ఆ మాట నాది కాదు. 1988లో తెనాలిలో, నేను పదో తరగతి పాసైన రోజున మా నాన్న నాతో అన్న మాట. ముప్ఫై ఏడేళ్ళు నా లోపల ఎక్కడ దాక్కుందో గానీ, దోహాలో, అల్ తుమామాలో, మా డైనింగ్ టేబుల్ మీద అచ్చంగా ఆ గొంతుతోనే ఊడిపడింది. అమ్మాయి ఏమీ అనలేదు. పళ్ళెం తీసుకుని సింకు దగ్గరకి వెళ్ళిపోయింది. మా ఆవిడ మాత్రం, "ఆ మాట అనడానికి మీకు నోరెలా వచ్చిందండీ? మిమ్మల్ని పెంచింది ఆ బొమ్మలే కదా" అంది.

నిజమే. మా నాన్న సైన్‌బోర్డు ఆర్టిస్టు. బట్టల షాపులు, మందుల షాపులు, లారీల వెనక తలుపులు, ఎన్నికలొస్తే గోడలు. రేకు మీద ఎనామిల్ రంగుతో ఆయన రాసిన 'శ్రీ' ని చూసి ఇది ఫలానా వారి చేయి అని బజార్లో చెప్పేవారు. అయినా కుంచె పట్టుకుంటే నా చేతి మీద కొట్టేవారు. నేను ఇంజినీరింగ్ చదివి, 2003లో ఇక్కడికొచ్చి, ఏసీ గొట్టాల డ్రాయింగులు చూసుకుంటూ బతుకుతున్నానంటే ఆ దెబ్బల చలవే.

ఆ రాత్రి నిద్రపట్టక, అసలీ బొమ్మల బతుకుతెరువు మన తెలుగువాళ్ళలో ఎప్పట్నించి ఉంది, ఎవరికి కూడు పెట్టింది, ఎవరికి పెట్టలేదు అని తిరగేయడం మొదలుపెట్టాను. అలా పోగైనదే ఈ వ్యాసం. పిల్లలు డిజైన్ అంటుంటే భయపడుతున్న తల్లిదండ్రులు మన సంఘంలో ఇంకా ఉన్నారని తెలిసి రాస్తున్నాను.

మా బాల్కనీలోంచి చూస్తే అల్ తుమామా స్టేడియం కనిపిస్తుంది. 2021 అక్టోబర్ 22న అమీర్ కప్ ఫైనల్‌తో మొదలైంది. మరుసటి ఏడాది ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో మొరాకో పోర్చుగల్‌ని 1-0తో ఓడించింది అక్కడే. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ పడుకోలేదు. దాని రూపం 'గహ్ఫియా' అనే టోపీ. ఇక్కడి మగవాళ్ళు తలగుడ్డ కింద పెట్టుకునే అల్లిక టోపీ అన్నమాట. గీసినాయన ఇబ్రహీం జైదా, ఖతర్ ఆర్కిటెక్టే. ప్రతి ఇంట్లో ఉండే ఒక టోపీని తీసుకుని నలభై వేలమంది కూర్చునే కట్టడంగా మార్చారు. నేను ఇన్నేళ్ళూ దాన్ని కాంక్రీటుగా, స్టీలుగా చూశాను. మా అమ్మాయి దాన్ని నకాషీగా చూసిందని ఆలస్యంగా అర్థమైంది. తన నోటుపుస్తకాల వెనక పేజీల నిండా ఆ త్రికోణాలే.

మన వైపు నకాషీ పనిలో వ్యాపారం ఎప్పుడు మొదలైందంటే నాకు మొదట తట్టేది మచిలీపట్నం. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు రేవు నుంచి అద్దకం బట్టలు పర్షియాకి ఓడల్లో వెళ్ళేవి. ఇప్పుడు మనం కూర్చున్న ఈ సముద్రం ఒడ్డుకే! అక్కడి కొనుగోలుదార్ల అభిరుచికి తగ్గట్టు మనవాళ్ళు తీగలూ, పూలూ, కమానులూ మార్చి చెక్కేవారు. గిరాకీదారు ఏమి అడిగాడో విని, దాన్ని తన చేతిపనిలోకి తెచ్చి, అచ్చుదిమ్మె చెక్కి, వందల గజాలు ఒకేలా అద్దడం. ఈ పనిని ఈ కాలంలో ఏమంటారో మీకు చెప్పక్కర్లేదు. కలంకారీ అన్న పేరే పర్షియన్ నుంచి వచ్చింది. కలం అంటే రాసే పుల్ల. మనం 'కలం పట్టాడు' అంటాం, అరబ్బులు 'ఖలమ్' అంటారు. పెడనలో టేకు దిమ్మెలు చెక్కే కుటుంబాలు ఇవాళ్టికీ ఉన్నాయి. ఆ చెక్కినవాళ్ళ పేర్లు మాత్రం ఒక్కటీ మనకి తెలియదు. ఇది ఈ వృత్తికి మొదటినుంచీ ఉన్న జబ్బు.

అక్షరాల సంగతి వేరే కథ. మొట్టమొదటి తెలుగు అచ్చు పుస్తకాలు మన గడ్డ మీద పుట్టలేదు. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలేలో అచ్చు వేయించాడు. అంటే తెలుగు అక్షరానికి సీసపు అచ్చు రూపం దొరికిందే పరాయి దేశంలో. ఆ తర్వాత మద్రాసులో అచ్చుకూటాలు వచ్చి, వావిళ్ళ వంటివారు పుస్తకాలు వేసి, అక్షరం గుండ్రబడి మనం ఎరిగిన రూపానికి వచ్చింది. తలకట్టు, వత్తు, గుడి, ఏత్వం, ఇన్ని పైనా కిందా వేలాడే లిపిని ఇంగ్లీషు కోసం చేసిన యంత్రాల్లో ఇరికించడానికి పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

ఇక జాతీయోద్యమం రోజులు. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. చదువుతో పాటు చేతిపనీ నేర్పాలని వాళ్ళ పట్టుదల. బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ చటర్జీ వచ్చి చిత్రకళ నేర్పారు. అడివి బాపిరాజు గారు ఆ నీడలో తయారైనవారే. అదే కళాశాలలో పాఠం చెప్పిన మరొకాయన పింగళి వెంకయ్య గారు. ఆయన 1916లోనే జాతీయ జెండా నమూనాలతో ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీగారికి జెండా గీసి ఇచ్చారు. తర్వాత తెలుపు చేరింది, రంగులు మారాయి, 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించినప్పుడు రాట్నం స్థానంలో అశోకచక్రం వచ్చింది. డిజైన్ అంటే అంతే కదా, చివరికి చేరేసరికి నలుగురి చేతులూ పడతాయి. వెంకయ్య గారు 1963లో పేదరికంలో పోయారు. తపాలా బిళ్ళ 2009లో వచ్చింది. మా నాన్న నన్ను కొట్టినప్పుడల్లా ఈ వెంకయ్య గారి కథ చెప్పేవారు. "జెండా గీసినాయనకే దిక్కులేదురా" అని.

కానీ నాన్న చెప్పని కథలు కూడా ఉన్నాయి. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత సభల్లో ఉచితంగా పంచేవారట. ఆ పసుపుపచ్చ డబ్బా మన అమ్మమ్మల పెట్టెల్లో కుంకుమ భరిణె పక్కన చేరిపోయింది. చదువురాని ముసలమ్మ కూడా రంగు చూసి అడిగి తెప్పించుకునేది. ఆ మందు లాభాలే 1908లో ఆంధ్రపత్రికనీ, 1924లో భారతినీ నిలబెట్టాయి. ఒక డబ్బా, ఒక రంగు, ఒక పేరు కలిసి తెలుగు సాహిత్యాన్ని పోషించాయంటే ఎవరైనా కాదంటారా?

1947 జూలైలో చందమామ వచ్చింది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు పెట్టిన ఆ పత్రికలో ఆర్టిస్టులు జీతగాళ్ళు, నెలనెలా జీతం అందుకునేవాళ్ళు. ఈ మాట గట్టిగా చెప్పాలి. చిత్రా, ఎం.టి.వి. ఆచార్య, శంకర్, అట్ట మీద వపా. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారు అసలు పేరుతో కంటే ఆ రెండక్షరాల సంతకంతోనే మన ఇళ్ళలోకి వచ్చారు. భుజాన శవంతో నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ గారు గీశారని మనలో ఎంతమందికి తెలుసు? బొమ్మ తెలుసు, పేరు తెలీదు.

బాపు గారి గురించి ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పబోతే తాతకి దగ్గులు నేర్పినట్టుంటుంది. ఒక్క సంగతి మాత్రం తల్లిదండ్రుల కోసం. ఆయన 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి లా పట్టా పుచ్చుకున్నారు. అంటే ఆ ఇంట్లో కూడా 'ముందు ఒక డిగ్రీ' అనే మాట వినబడే ఉంటుందని నా ఊహ. బొమ్మ గీయడం బళ్ళో నేర్చుకున్నది కాదు. పుస్తకం అట్టలు, పత్రికల శీర్షికలు, ప్రకటనలు, పెళ్ళి శుభలేఖలు, చివరికి ఆయన చేతిరాత కంప్యూటర్ ఫాంటు అయిపోయింది. మన అమెరికా, గల్ఫు సంఘాల సావనీర్లలో ఆ రాత లేనిది ఒకటి చూపించండి చూద్దాం.

బాపు గారి మొదటి సినిమా సాక్షి, 1967. దానికి పోస్టర్లు వేసిన కుర్రాడికీ అదే మొదటి సినిమా. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్ళిన ఈశ్వర్. తర్వాత రెండు వేల పైచిలుకు సినిమాలకి పబ్లిసిటీ డిజైన్ చేశారు. 'సినిమా పోస్టర్' అని పుస్తకం కూడా రాశారు. 2021లో పోయారు. మా నాన్నకి దేవుడు. కొత్త సినిమా పోస్టరు అంటిస్తే సైకిలు ఆపి, అక్షరాల వంపులు సిగరెట్ పెట్టె మీద దింపుకునేవారు. వారం తిరిగేసరికి ఆ వంపు తెనాలిలో ఏదో ఒక కిరాణా కొట్టు బోర్డు మీద ఉండేది. వాళ్ళకి అదే కాలేజీ.

అసలు కాలేజీలు లేవా అంటే ఉన్నాయి. హైదరాబాదులో 1940 నుంచీ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ బడి ఉంది. 1972లో జె.ఎన్.టి.యు. కిందికి వచ్చింది. మాసాబ్ ట్యాంక్‌లో బి.ఎఫ్.ఏ. అప్లయిడ్ ఆర్ట్ చదివినవాళ్ళు అడ్వర్టైజింగ్ కంపెనీల్లో, పత్రికల్లో కుదురుకున్నారు. 2008 నుంచి అది సొంతంగా ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం. దేశం మొత్తమ్మీద చూస్తే, చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఒక నివేదిక రాసిచ్చారు. అందులో వాళ్ళు ఎక్కువగా మెచ్చుకున్నది మన చెంబుని! చంకలో ఎలా ఇముడుతుంది, నీళ్ళు ఎలా ఒలుకుతాయి, ఎవరు తోముతారు అని ఆలోచిస్తూ తరతరాలు కలిసి చేసిన డిజైన్ అన్నారు. ఆ నివేదిక ఫలితంగా 1961లో అహ్మదాబాదులో ఎన్.ఐ.డి. వచ్చింది. 1969లో ఐఐటీ బొంబాయిలో డిజైన్ కేంద్రం వచ్చింది. కానీ తెనాలిలో ఒక సైన్‌బోర్డు ఆర్టిస్టుకి ఈ పేర్లు చెప్పేవాళ్ళెవరు? మా బళ్ళో డ్రాయింగు మాస్టారుకే తెలియదు. ఎంసెట్ ఒక్కటే దారిగా ఉన్న రోజులవి. దారి లేక కాదు, చెప్పేవాళ్ళు లేక ఎన్ని చేతులు ఊరికే పోయాయో అనిపిస్తుంది.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. పేజ్‌మేకర్, కోరెల్ డ్రా, ఫోటోషాప్. విజయవాడలో, హైదరాబాదులో సందుకొక డి.టి.పి. సెంటరు. అను ఫాంట్లు తెలిస్తే ఉద్యోగం ఖాయం. దాని వెనకే ఫ్లెక్సు. 2000 దాటాక నాలుగైదేళ్ళలో మా నాన్న పని మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. రేకు బోర్డుకి వారం పట్టేది, ఫ్లెక్సు గంటలో. పైగా అందులో ఫోటో కూడా. అప్పటికే రాసిచ్చిన బోర్డు తాలూకు డబ్బు ఒక షాపాయన ఎగ్గొట్టి, "ఇంకా కుంచె పట్టుకుని తిరుగుతున్నావేంటి" అన్నాడట. నేను ఇక్కడి నుంచి పంపిన మొదటి డ్రాఫ్టు అందుకున్న రోజునే నాన్న రంగు డబ్బాలు అటక మీద పెట్టేశారు. ఆ డబ్బాల గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

నా భయమంతా అదే అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఒక యంత్రం వచ్చి మా నాన్నని ఖాళీగా కూర్చోబెట్టింది. ఇప్పుడు ఇంకో యంత్రం వచ్చింది. 2022 నుంచి నాలుగు మాటలు టైపు చేస్తే బొమ్మ వేసిపెట్టే ప్రోగ్రాములు అందరి చేతుల్లోకీ వచ్చేశాయి. తాత పని ఫ్లెక్సు తీసుకుపోతే, మనవరాలి పని దీనికి పోదా?

ఈ ప్రశ్న పట్టుకుని దోహాలో తిరిగాను. ఇక్కడ వీసా మీద గ్రాఫిక్ డిజైనర్ అని ఉన్న మనవాళ్ళు కొంతమందిని కలిశాను. ప్రింటింగ్ షాపుల్లో మెనూ కార్డులు, విజిటింగ్ కార్డులు చేసే కుర్రాళ్ళు నిజమే చెప్పారు. జీతం తక్కువ, వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఉన్నారు, ఆ పని మెల్లగా యంత్రానికి పోతోంది. సాఫ్ట్‌వేరు మాత్రమే తెలిసినవాళ్ళకి ఇది గడ్డుకాలమే. దీన్ని పిల్లల దగ్గర దాచకూడదు.

మ్యూజియంలకి, ఆసుపత్రులకి, మెట్రోకి పనిచేసేవాళ్ళు చెప్పింది వేరు. 2019 మే నెలలో దోహా మెట్రో నడవడం మొదలైంది. అందులో మలయాళీ ముసలాయన, ఫిలిప్పీన్ ఆయా, నేపాలీ కూలీ, ఖతరీ విద్యార్థి అందరూ ఒకే బోర్డు చూసి సరైన ప్లాట్‌ఫారానికి వెళ్ళాలి. బాణం ఎటు చూడాలి? అరబిక్ కుడి నుంచి ఎడమకి, ఇంగ్లీషు ఎడమ నుంచి కుడికి. రెండూ ఒకే పలక మీద గౌరవంగా కూర్చోవాలి. అదే ఏడాది ఖతర్‌లో అరబిక్ భాషా రక్షణ చట్టం కూడా వచ్చింది, 2019లో ఏడో నంబరు చట్టం. అంటే ఇక్కడ అరబిక్ అక్షరం తెలిసిన డిజైనరుకి ఎప్పుడూ పని ఉంటుంది. యంత్రం బొమ్మలు వేయగలదు గానీ, ఆసుపత్రిలో కంగారుగా పరుగెత్తే మనిషి ఏ మలుపులో ఆగి తలెత్తుతాడో దానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. 2020 సెప్టెంబరు నుంచి పాత కంపెనీ ఎన్.ఓ.సి. లేకుండా ఉద్యోగం మారే వీలు కూడా వచ్చింది. మేం వచ్చిన రోజుల్లో అది కలలో కూడా లేదు.

చదువు మాటకొస్తే, ఇల్లు కదలకుండా ఉన్నదే ఒకటుంది. ఎడ్యుకేషన్ సిటీలో వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయం వారి ఆర్ట్స్ శాఖ 1998లో మొదలైంది. మొదట ఆడపిల్లలకే. 2007 నుంచి మగపిల్లల్నీ తీసుకుంటున్నారు. గ్రాఫిక్ డిజైన్‌లో నాలుగేళ్ళ బి.ఎఫ్.ఏ. ఉంది. మార్కులతో పాటు పోర్ట్‌ఫోలియో అడుగుతారు. ఫీజు అమెరికా ఫీజే, ముందే గుండె చిక్కబట్టుకోండి. ఇండియా పంపేట్టయితే ఎన్.ఐ.డి. వారి ప్రవేశ పరీక్ష, ఐఐటీల వైపు 2015 నుంచి యూసీడ్. అమరావతి ప్రాంతంలో ఎన్.ఐ.డి. ఆంధ్రప్రదేశ్ 2015లో మొదలైంది. హైదరాబాద్ ఐఐటీలో డిజైన్ విభాగం ఉంది. మన సి.బి.ఎస్.ఇ.లోనే పదకొండు, పన్నెండు తరగతులకి కమర్షియల్ ఆర్ట్ అనే సబ్జెక్టు ఉందని నాకు ఈ ఏడాదే తెలిసింది. కానీ ఆ సబ్జెక్టు చెప్పే బడి దొరకడమే కష్టం. ఈ పరీక్షల్లో బొమ్మ ఎంత అందంగా ఉందన్నది ఒక వంతే. ఎలా చూస్తావు, ఎలా ఆలోచిస్తావు అన్నదే ఎక్కువ అడుగుతారు. ఆఖరి ఏడాదిలో కోచింగు పెట్టించి గట్టెక్కిద్దాం అనుకుంటే కుదరదు.

డబ్బు సంగతి ఎలాగూ అడుగుతారు కాబట్టి ఒక ముక్క. రూపాయి గుర్తు ₹ 2010 జూలైలో వచ్చింది. ఐఐటీ బొంబాయి డిజైన్ కేంద్రంలో చదివిన ఉదయ్ కుమార్‌కి దానికి ముట్టింది రెండున్నర లక్షల బహుమతి. నూట ముప్ఫై కోట్లమంది పైగా రోజూ వాడే గుర్తు! నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

డబ్బు రాని పనుల్లో కూడా పేరు మిగిలినవి ఉన్నాయి. ఇంటర్నెట్టులో తెలుగుకి యూనికోడ్ ఫాంట్లు కరువైన రోజుల్లో పోతన, వేమన ఫాంట్లు చేసిపెట్టింది తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు. ఆ తర్వాత సిలికానాంధ్ర చొరవతో పురుషోత్ కుమార్ గుత్తుల గీసిన మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న వంటి ఫాంట్లు ఉచితంగా అందరికీ అందాయి. మీ పిల్లల ఫోన్లలో తెలుగు సినిమా మీములు చూస్తే సగం ఆ అక్షరాలే. ఎవరు గీశారో వాళ్ళకి తెలీదు. పాత జబ్బే.

కిందటి నవంబరు 28న ఎడ్యుకేషన్ సిటీలో ఎం.ఎఫ్. హుసేన్ మ్యూజియం తెరిచారు. చలి తగిలాక ఒక శుక్రవారం అమ్మాయిని తీసుకెళ్ళాను. హుసేన్ గారు బొంబాయిలో సినిమా హోర్డింగులు రాసి బతికారు. హైదరాబాదులో బద్రీ విశాల్ పిత్తీ గారి ఆదరణలో రామాయణం బొమ్మలు వేశారు, వాటిని ఎడ్లబండ్ల మీద పల్లెలకి తీసుకెళ్ళి చూపించారు. 2006లో దేశం విడిచారు, 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకున్నారు, 2011లో లండన్‌లో పోయారు. ఆ మ్యూజియం భవనానికి మూలం ఆయన గీసిన బొమ్మే. పేరు 'లౌహ్ వ ఖలమ్'. పలక, కలం. అమ్మాయి తలుపు దగ్గరే ఆగిపోయి, "నాన్నా, తాతయ్య కూడా హోర్డింగులు రాశారు కదూ?" అంది. రాశారు, చిన్న హాళ్ళకి అన్నాను. "మరి తాతయ్య బోర్డుల ఫోటోలు ఉన్నాయా?"

ఒక్కటీ లేదు. మా పెళ్ళి ఫోటోలున్నాయి, ఇల్లు కట్టిన ఫోటోలున్నాయి, ఆయన రాసిన వేల బోర్డుల్లో ఒక్కదానికి లేదు.

ఆ రాత్రే అమ్మాయి తెనాలికి ఫోన్ చేసింది. తాతా మనవరాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. రెండు వారాల తర్వాత పక్కింటి కుర్రాడి ఫోన్ నుంచి వరసగా ఫోటోలు వచ్చాయి. పాత బజారులో మూసేసిన ఒక ఆయుర్వేదం కొట్టు మీద తుప్పు పట్టిన రేకు, సగం పెచ్చులూడిన 'శ్రీ', కింద మూలన నాన్న సంతకం. చివరి ఫోటోలో ఒక అట్టముక్క. దాని మీద పెన్సిలుతో కొట్టిన అడ్డగీతలు, వాటి మధ్య వణికిన చేత్తో ఎర్రరంగులో అచ్చుల వరస. 'అ' నుంచి 'ఔ' దాకా రాసి ఆపేశారు. రంగు గడ్డకట్టిపోయిందట, కొత్త డబ్బా తెప్పించుకున్నాక హల్లులు రాసి పంపుతానని చెప్పమన్నారట.

అమ్మాయి ఆ వరసని కంప్యూటర్లోకి ఎక్కించుకుని, ఒక్కో అక్షరం మీద గంటలు గంటలు కూర్చుంటోంది. పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అదేనట. ఫీజుకి ఎంత సర్దాలో నేను లెక్క వేసుకుంటున్నాను. నిన్న నాన్న ఫోన్ చేసి, నాతో కాదు, దాన్ని పిలిచి ఒకటే అడిగారు: "ళ కి తోక పొడుగు ఉంచమంటావా అమ్మా, పొట్టిగా రాయనా?"